ఏ ఛార్జి? ఎవరి మీద?

ఏ రోజు పేపర్ తీసినా ఈ మాట మూడు నాలుగు చోట్ల తగులుతుంది. మొదటి పేజీలో ఎవరో పెద్దాయన మీద ఛార్జిషీట్ వేశారని ఉంటుంది. జిల్లా పేజీలో ఫలానా అధికారి ఛార్జి తీసుకున్నారని ఫొటోతో సహా వస్తుంది. పక్కనే కరెంటు ట్రూ అప్ ఛార్జీలు ఎత్తేయాలని ధర్నా, అడుగున ఎక్కడో లాఠీఛార్జి. ఇవన్నీ చదివే ఫోన్‌లో ఛార్జింగ్ పన్నెండు శాతానికి పడిపోయి ఉంటుంది.

మాట ఒక్కటే కావడంతో కొన్నిచోట్ల అర్థాలు కలిసిపోతున్నాయి. పోలీసులు ఛార్జిషీట్ వేస్తే కోర్టు నేరం ఖాయం చేసినట్టేనని అనుకునేవాళ్లు ఉన్నారు. హోటల్ బిల్లులో సర్వీస్ ఛార్జి చూసి అది ప్రభుత్వానికి పోయే పన్ను అనుకునేవాళ్లూ ఉన్నారు. కరెంటు బిల్లు సంగతి సరేసరి. రాయలసీమ, నెల్లూరు వైపు కరెంటు ఇచ్చే ఎస్పీడీసీఎల్ హెడ్డాఫీసు తిరుపతిలోనే ఉంది. అయినా బిల్లు వెనక్కి తిప్పి ఏ ఛార్జి ఎందుకు పడిందో చెప్పగలిగేవాళ్లు ఈ ఊళ్లో ఎంతమంది?

## మూలంలో ఒక బండి

లాటిన్‌లో 'కార్రుస్' అంటే బండి. బండికి బరువు ఎత్తడాన్ని చెప్పే మాట దాని నుంచే పుట్టి, పాత ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి 'ఛార్జ్'గా వచ్చింది. కారు, కార్గో, మనం అన్నం పెట్టుకునే క్యారియర్ అన్నీ ఆ కుటుంబంలోవే. అంటే ఛార్జికి మొదటి అర్థం బరువు, ఆ బరువును ఒకచోట పెట్టడం.

ఆ బరువు మనిషి మీద మూడు రకాలుగా పడింది. బాధ్యతగా పడితే ఆఫీసు ఛార్జి. డబ్బుగా పడితే ఛార్జీ. నిందగా పడితే కోర్టు ఛార్జి. తెలుగులో దీనికి ఇంచుమించు సరిపోయే మాట ఒకటి ఉంది, 'మోపు'. గడ్డిమోపు అంటే తలమీది బరువు. అదే మాటతో 'నేరం మోపారు' అంటాం, 'ఛార్జీల భారం మోపారు' అని పేపర్లో రాస్తాం. ఇంగ్లీషువాడు ఒక మాటకు ఇన్ని పనులు ఎందుకు చెప్పాడని విసుక్కునే ముందు మనమూ అదే పని చేశామని గుర్తుంచుకోవచ్చు.

తుపాకీలో ఒకసారికి దట్టించే మందునూ ఛార్జ్ అన్నారు. 18వ శతాబ్దంలో కరెంటుతో ప్రయోగాలు చేసినవాళ్లు ఆ మాటనే తెచ్చుకుని, గాజు సీసాల్లో కరెంటు నింపడాన్ని ఛార్జ్ చేయడం అన్నారు. ప్లస్, మైనస్ అనే లెక్కను 1747 ప్రాంతంలో తన ఉత్తరాల్లో వాడినవాడు బెంజమిన్ ఫ్రాంక్లిన్. వరసగా నిలిపిన ఫిరంగులకు ఉన్న 'బ్యాటరీ' అనే పేరును వరసగా కలిపిన ఆ సీసాలకు పెట్టిందీ ఆయనే. మన జేబులోని బ్యాటరీకీ, దాని ఛార్జికీ యుద్ధం వాసన అలా అంటింది.

శత్రువు మీద గుర్రాలతో విరుచుకుపడటం కూడా ఛార్జే. లాఠీఛార్జి ఆ దారిలో వచ్చింది. చట్టం మాత్రం ఈ మాట వాడదు. పాత సీఆర్పీసీ (క్రిమినల్ కేసులు నడిపే పద్ధతి చెప్పే చట్టం) స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 148వ సెక్షన్ చట్టవిరుద్ధంగా గుమిగూడినవాళ్లను ముందు వెళ్లిపొమ్మని ఆదేశించాలని, అయినా కదలకపోతే బలప్రయోగంతో చెదరగొట్టవచ్చని చెబుతుంది. అంతవరకే.

## తెలుగు నోట్లో మూడు రూపాలు

ఇంగ్లీషులో ఒకటే మాటగా ఉన్నదాన్ని మనం పలుకుబడిలోనే విడగొట్టుకున్నాం. చివర దీర్ఘం తీసి 'ఛార్జీ' అంటే డబ్బే. బస్సు ఛార్జీ, ఆటో ఛార్జీ, గేటు దగ్గర పార్కింగ్ ఛార్జీ. హ్రస్వంగా 'ఛార్జి' అంటే ఎక్కువగా ఆఫీసో, కేసో. ఫోన్ విషయానికి వస్తే 'ఛార్జింగ్' అంటాం. పని పేరునే ఆ వస్తువుకు పెట్టేసి 'ఛార్జింగ్ లేదు' అంటే ఇంగ్లీషు వ్యాకరణం ఒప్పుకోదు కానీ, ఆ మాట విన్న ఏ తెలుగువాడికీ అనుమానం రాదు. రాతలో కొందరు 'చ', కొందరు 'ఛ' వాడతారు, దీర్ఘాలు కూడా అటూ ఇటూ అవుతాయి. అందుకే ఈ తేడా చెవికి తెలిసినంతగా కంటికి తెలియదు.

బస్సు టికెట్ డబ్బుకు ఇంగ్లీషులో 'ఫేర్' అని వేరే మాట ఉంది. మనకు దాని అవసరం పడలేదు. తిరుపతి బస్టాండులో 'కొండకు ఛార్జీ ఎంత సామీ?' అని ఎవరైనా అడిగితే కండక్టర్ టికెట్ ధర చెబుతాడు, బ్యాటరీ శాతం చెప్పడు. 2022లో అలిపిరి డిపోకు ఎలక్ట్రిక్ బస్సులు వచ్చాక అక్కడ రెండు అర్థాలూ ఒకే బండిలో ప్రయాణం చేస్తున్నాయి. ఛార్జీ ఇచ్చి ఎక్కే బస్సు ఛార్జింగ్ మీద నడుస్తుంది. ఘాట్ రోడ్డులో దిగి వచ్చేటప్పుడు మోటారే బ్రేకులా పనిచేసి కొంత కరెంటును తిరిగి బ్యాటరీలోకి పంపుతుంది. కాబట్టి కొండ దిగుతూ కొంచెం ఛార్జ్ అవుతుంది కూడా.

'రీఛార్జ్' ఇంకో మెలిక. ఫోన్ రీఛార్జ్ అంటే కంపెనీకి ముందే డబ్బు కట్టడం, బ్యాటరీతో సంబంధం లేదు. ప్రీపెయిడ్ స్మార్ట్ మీటర్ పెడితే కరెంటుకూ అదే మాట వాడాల్సి వస్తుంది. బోర్లు ఎండిపోయే చిత్తూరు పడమటి మండలాల్లో రీఛార్జ్ అంటే వాన నీటిని భూమిలోకి ఇంకించడం. ఇంకుడు గుంత అనే చక్కని మాట ఉంది కాబట్టి ఊళ్లో ఎవరూ తికమకపడరు. ఆ తికమక ఎస్టిమేట్లు రాసే ఆఫీసు కాగితాల్లోనే.

## ఫోన్‌లోకి నిజంగా ఎక్కేదేమిటి?

ఫిజిక్స్ పుస్తకం ప్రకారం ఛార్జ్ అనేది పదార్థానికి పుట్టుకతో వచ్చిన గుణం. ప్రోటాన్‌కు ధన, ఎలక్ట్రాన్‌కు రుణ ఆవేశం. దాన్ని కూలుంబుల్లో కొలుస్తారు. ఒక ఎలక్ట్రాన్ మీద ఉండేది 1.602 × 10⁻¹⁹ కూలుంబులు.

దీన్నిబట్టి ఫుల్ ఛార్జ్ అయిన బ్యాటరీలో బోలెడంత విద్యుదావేశం పోగైందని అనిపిస్తుంది. అలా జరగదు. నూరు శాతం ఉన్న బ్యాటరీలోనూ, స్విచ్ఛాఫ్ అయిన బ్యాటరీలోనూ ధన, రుణ ఆవేశాలు సమానమే, మొత్తం లెక్క సున్నా. ఒక కొస నుంచి ఎన్ని ఎలక్ట్రాన్లు బయటికి పోతాయో రెండో కొసలోకి అన్నే వస్తాయి. పెరిగేది లోపలి రసాయనాల్లో దాచిన శక్తి. మోటారు వేసి కింది సంపులోని నీళ్లను మిద్దె మీది ట్యాంకుకు ఎక్కించినట్టు. ఇంట్లో నీళ్లు పెరగలేదు, ఎత్తుకు చేరాయి కాబట్టి కిందికి దిగేటప్పుడు పనికొస్తాయి.

మరి డబ్బా మీద రాసే 5000 ఎంఏహెచ్ ఏమిటి? అది మాత్రం నిజంగానే ఛార్జ్ కొలత. 5000 ఎంఏహెచ్ అంటే 5 ఆంపియర్ల కరెంటు గంటసేపు, అంటే 18,000 కూలుంబులు. బ్యాటరీ ఖాళీ అయ్యేలోపు సర్క్యూట్‌లో నడిచి వెళ్లే ఆవేశం అది. దాన్ని సుమారు 3.85 వోల్టులతో హెచ్చిస్తే దాదాపు 19 వాట్ అవర్లు వస్తుంది. కరెంటు బిల్లులో ఒక యూనిట్ అంటే 1000 వాట్ అవర్లు. ఛార్జర్ వేడికి పోయేది కలిపి ఒక్కోసారికి 25 అనుకుంటే, ఒక యూనిట్‌తో ఫోన్‌ను 40 సార్లు నింపవచ్చు. యూనిట్ 6 రూపాయలైతే ఒకసారికి 15 పైసలు. 'రాత్రంతా ఛార్జింగ్ పెట్టావు, అందుకే బిల్లు అంత వచ్చింది' అని పిల్లల్ని తిట్టే పెద్దలు కోపాన్ని గీజర్ వైపు తిప్పుకోవడం న్యాయం.

## కరెంటు బిల్లులో పేరు పేరునా

ఉమ్మడి చిత్తూరు జిల్లాలో కుప్పం వైపు సహకార సంఘం రెస్కో కరెంటు ఇస్తుంది, మిగతా చోట్ల ఎస్పీడీసీఎల్. రేట్లు నిర్ణయించేది మాత్రం రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి, ఏపీఈఆర్‌సీ. మండలి 2022-23కు ఇచ్చిన ఉత్తర్వులోని ఇంటి రేట్లతో ఒక లెక్క వేద్దాం. తిరుపతి కొర్లగుంటలో ఒక ఇల్లు, నెలకు 180 యూనిట్లు, ఒప్పుకున్న లోడ్ 2 కిలోవాట్లు.

మొదటిది ఎనర్జీ ఛార్జీ, వాడిన యూనిట్లకు వేసేది. మొదటి 30 యూనిట్లకు 1.90 చొప్పున 57 రూపాయలు. 75 దాకా ఉన్న తర్వాతి 45 యూనిట్లకు 3 రూపాయల చొప్పున 135. 125 దాకా ఉన్న 50 యూనిట్లకు 4.50 చొప్పున 225. మిగిలిన 55 యూనిట్లకు 6 రూపాయల చొప్పున 330. మొత్తం 747.

ఇక్కడ ఒక భయం గురించి చెప్పాలి. 225 యూనిట్లు దాటితే రేటు 8.75 అవుతుంది కాబట్టి ఒక్క యూనిట్ దాటినా బిల్లంతా ఆ రేటుకే వేస్తారని చాలామందికి టెన్షన్. ఈ పద్ధతిలో అలా వేయరు. 225 యూనిట్లకు 1,017 రూపాయలైతే 226 యూనిట్లకు 1,025.75. దాటిన ఆ ఒక్క యూనిట్‌కే కొత్త రేటు. వెనకటి కొన్ని టారిఫ్‌లలో వాడకాన్ని బట్టి ఇంటిని వేరే గ్రూపులో పడేసేవారు. ఈ భయం అప్పటి నుంచి మిగిలింది.

రెండోది ఫిక్స్‌డ్ ఛార్జీ. కిలోవాట్‌కు 10 రూపాయల చొప్పున ఈ ఇంటికి 20. ఇల్లు తాళం వేసి ఊరెళ్లినా ఇది పడుతుంది. వాడని కరెంటుకు డబ్బెందుకని వినియోగదారు అడుగుతాడు. ఎప్పుడు స్విచ్ వేసినా 2 కిలోవాట్లు ఇవ్వడానికి లైను, ట్రాన్స్‌ఫార్మర్ సిద్ధంగా ఉంచాం, ఆ ఖర్చు మీ ఊరి ప్రయాణంతో ఆగదని సంస్థ అంటుంది. ఈ వాదనలో బలం ఉందనే నా అభిప్రాయం, పది రూపాయల దగ్గర ఉన్నంతవరకు.

దీనికి యూనిట్‌కు 6 పైసల ఎలక్ట్రిసిటీ డ్యూటీ 10.80 కలుస్తుంది. ఇది ప్రభుత్వానికి వెళ్లే పన్ను, డిస్కం, అంటే కరెంటు పంపిణీ సంస్థ, దీన్ని వసూలు చేసి పెడుతుంది. కస్టమర్ ఛార్జీ అని బిల్లింగ్ ఖర్చుల కింద మరికొంత పడుతుంది.

అసలు గొడవ తర్వాతి వాటి దగ్గర. ఏటా ముందుగానే డిస్కం 'ఇంత కరెంటు కొంటాం, ఇంత అవుతుంది' అని అంచనా ఇస్తుంది. మండలి దాని మీద రేటు నిర్ణయిస్తుంది. తీరా బొగ్గు ధర పెరగవచ్చు, బహిరంగ మార్కెట్లో ఎక్కువకు కొనాల్సి రావచ్చు. అంచనాకూ అసలుకూ తేడాను తర్వాత సర్దడమే ట్రూ అప్. ఖర్చు తగ్గి డబ్బు తిరిగి రావాల్సి ఉంటే దాన్ని ట్రూ డౌన్ అంటారు. ఇంధనం, కొనుగోలు ఖర్చుల తేడాను ఎక్కువకాలం ఆగకుండా నెలనెలా వేసుకునే పద్ధతికి ఎఫ్‌పీపీసీఏ అని నోరు తిరగని పేరు. 2023 నుంచి యూనిట్‌కు 40 పైసల వరకు ఇలా వేసుకునే వీలు కల్పించారు. మన లెక్కలో 180 యూనిట్లకు అది 72 రూపాయలు. 747కు 20, 10.80, 72 కలిపితే 849.80, ఆపైన కస్టమర్ ఛార్జీ.

నెలవారీ సర్దుబాటుకన్నా చేదుగా ఉండేది పాత సంవత్సరాల సర్దుబాటు. రెండేళ్ల కిందటి వాడకానికి ఈ నెల బిల్లులో ఛార్జి వేస్తే, బైరాగిపట్టెడలో పోయిన నెలే అద్దెకు దిగిన కుటుంబం అంతకుముందు ఉన్నవాళ్ల యూనిట్లకు డబ్బు కట్టాల్సి వస్తుంది. మీటరు సర్వీసు నంబరు మారదు, మనుషులు మారతారు. ఇంటి ఓనరు 'బిల్లు మీదే కదమ్మా' అంటుంది, అద్దెకున్నామె 'అక్కా, అప్పుడు మేము మదనపల్లెలో ఉన్నాం' అంటుంది. ఇద్దరి మాటా నిజమే.

డిస్కంల వాదన ఇలా ఉంటుంది: కొన్న ధర రాకపోతే అప్పు తేవాలి, ఆ వడ్డీ కూడా చివరికి వినియోగదారుల మీదే పడుతుంది, కాబట్టి ఎంత త్వరగా సర్దితే అంత మంచిది. అవతలివాళ్లు అంచనాలు తప్పడానికి, ఖరీదైన కొనుగోళ్లకు బాధ్యత ఎవరిదని అడుగుతారు, అన్నీ జనం మీదికే పంపితే జాగ్రత్తగా కొనాల్సిన అవసరం సంస్థకు ఉండదంటారు. మండలి విచారణల్లో రెండు వైపులా వినిపిస్తారు, డిస్కం అడిగినదంతా ఒప్పుకోవాలనేమీ లేదు. కొన్నిసార్లు ప్రభుత్వమే భరిస్తామని ముందుకొస్తుంది. అప్పుడు ఆ బరువు బిల్లు మీది నుంచి బడ్జెట్ మీదికి మారుతుంది.

ఇక ఏసీడీ. అది అసలు ఛార్జీయే కాదు. వాడకం పెరిగినవాళ్ల దగ్గర అదనంగా తీసుకునే డిపాజిట్. 2003 విద్యుత్ చట్టం ప్రకారం దాని మీద వడ్డీ ఇవ్వాలి, కనెక్షన్ తీసేసినప్పుడు బకాయిలు పోను తిరిగి ఇవ్వాలి. బిల్లులో ఛార్జీల మధ్యనే కూర్చుంటుంది కాబట్టి అందరూ దాన్ని కూడా పోయిన డబ్బు కింద లెక్కేస్తారు.

## హోటల్‌లో పది శాతం

సర్వీస్ ఛార్జి హోటల్ తనంతట తాను వేసుకునేది, జీఎస్టీ ప్రభుత్వానిది. వెయ్యి రూపాయల భోజనానికి పది శాతం సర్వీస్ ఛార్జి వేస్తే 1,100. దానిమీద ఐదు శాతం జీఎస్టీ 55, మొత్తం 1,155. సర్వీస్ ఛార్జి లేకుంటే 1,050 అయ్యేది. అంటే తేడా వంద కాదు, నూట ఐదు.

కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జులైలో మార్గదర్శకాలు ఇచ్చింది. బిల్లులో దీన్ని దానంతట అదే కలపకూడదని, కట్టడం కస్టమర్ ఇష్టమని చెప్పింది. హోటళ్ల సంఘాలు కోర్టుకెళ్లాయి. మెనూలో ముందే రాస్తున్నాం, చదివి ఆర్డర్ ఇచ్చాడంటే ఒప్పుకున్నట్టే, ఆ డబ్బు సిబ్బందికి పంచుతాం అన్నది వాళ్ల వాదన. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు సింగిల్ జడ్జి ఆ మార్గదర్శకాలను సమర్థిస్తూ తీర్పు ఇచ్చారు. తిరుపతిలో టోకెన్ తీసుకుని నిలబడి తినే హోటళ్లలో ఈ సమస్య రాదు. ఏసీ హాలున్న పెద్ద హోటళ్లలో వస్తుంది.

## ఛార్జిషీట్ వేరు, ఛార్జి వేరు

అన్నిటికన్నా పెద్ద గందరగోళం ఇక్కడే. పేపర్ భాషలో పోలీసులూ 'అభియోగాలు మోపుతారు', కోర్టూ 'అభియోగాలు నమోదు చేస్తుంది'. చదివేవాడికి రెండూ ఒకటే అనిపిస్తాయి.

ముందు ఎఫ్ఐఆర్. అందిన సమాచారం రాసుకోవడం, దర్యాప్తుకు మొదలు. దర్యాప్తు ముగిశాక పోలీసులు కోర్టుకు ఇచ్చే నివేదికనే మనం ఛార్జిషీట్ అంటున్నాం. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న సురక్షా సంహితలో ఇది 193వ సెక్షన్, పాత సీఆర్పీసీలో 173. చట్టం దీన్ని పోలీస్ రిపోర్ట్ అంటుంది. ఇందులో ఉండేది దర్యాప్తు అధికారి అభిప్రాయం, దానికి ఆధారాలు. ఆ తర్వాత కోర్టు కేసును విచారణకు తీసుకుంటుంది, కాగితాలు చూస్తుంది, ఇరువైపులా వింటుంది. విచారణ జరపడానికి తగిన ఆధారం ఉందనుకుంటే అప్పుడు కోర్టు రాసేది ఛార్జి. ఫలానా రోజు, ఫలానా చోట, ఫలానా సెక్షన్ కింద నేరం చేశావని నీ మీద అభియోగం, ఒప్పుకుంటావా అని ముద్దాయికి చదివి వినిపిస్తారు.

ఒక ఊహా కేసుతో చూద్దాం. చంద్రగిరి దగ్గర ఒక పల్లెలో గట్టు తగాదా. ఫిర్యాదులో ఆరుగురి పేర్లు, హత్యాయత్నం సెక్షన్‌తో ఎఫ్ఐఆర్. దర్యాప్తులో ఇద్దరు ఆ రోజు బెంగళూరులో ఉన్నట్టు తేలింది, ఛార్జిషీట్ నలుగురి మీదే పడింది. కోర్టులో నాలుగోవాడు డిస్ఛార్జి పిటిషన్ వేశాడు. అతడి పేరు ఏ సాక్షీ చెప్పలేదని గమనించి కోర్టు అతణ్ని కేసు నుంచి తప్పించింది. మిగిలిన ముగ్గురి మీద, చంపే ఉద్దేశం కనిపించడంలేదని, ప్రమాదకరమైన ఆయుధంతో గాయపరచడం అనే తక్కువ సెక్షన్ కింద ఛార్జి రాసింది. ఆరుగురి మీద హత్యాయత్నంతో మొదలైన కేసు విచారణ దాకా వచ్చేసరికి ముగ్గురి మీద గాయం కేసైంది. ఇంకా ఎవరూ దోషి కాలేదు. పైగా విచారణ మధ్యలో ఆధారాలు వేరేగా కనిపిస్తే తీర్పు వచ్చేలోపు ఎప్పుడైనా ఛార్జిని మార్చే అధికారం కోర్టుకు ఉంది.

డిస్ఛార్జికీ, నిర్దోషిగా విడుదలకూ కూడా తేడా ఉంది. డిస్ఛార్జి విచారణకు ముందే జరుగుతుంది. తర్వాత కొత్త ఆధారం దొరికితే మళ్లీ కేసులోకి లాగే అవకాశం మిగిలి ఉంటుంది. పూర్తి విచారణ తర్వాత నిర్దోషి అని తీర్పొస్తే అదే నేరానికి రెండోసారి విచారించకూడదు, పై కోర్టులో అప్పీలు మాత్రం వేయవచ్చు. రుయా ఆస్పత్రిలో ఇచ్చే డిస్ఛార్జి సమ్మరీకి దీనితో ఉన్న చుట్టరికం ఒక్కటే, రెండుచోట్లా బరువు దించి పంపుతారు.

ఛార్జిషీట్ ఆలస్యమైతే బెయిల్ ఎందుకొస్తుందని కూడా చాలామంది అడుగుతారు. నేరాన్ని బట్టి 60 లేదా 90 రోజుల్లోగా దర్యాప్తు ముగించి ఛార్జిషీట్ వేయకపోతే జైల్లో ఉన్న నిందితుడికి బెయిల్ అడిగే హక్కు వస్తుంది. దాన్ని డిఫాల్ట్ బెయిల్ అంటారు. కేసు బలం మీద వ్యాఖ్య కాదది, క్యాలెండర్ లెక్క.

ఎన్నికల ముందు పార్టీలు ప్రభుత్వం మీద విడుదల చేసే 'ఛార్జిషీట్' ఒక కరపత్రం, అంతే. ఉద్యోగికి శాఖ ఇచ్చే ఛార్జి మెమో మాత్రం నిజంగానే బరువైనది. అందులో ఆరోపణలు, ఆధారాల జాబితా ఉంటాయి, సంజాయిషీ ఇవ్వాలి. అయితే అది శాఖాపరమైన చర్య. రుజువైతే ఇంక్రిమెంట్ పోవచ్చు, ఉద్యోగమూ పోవచ్చు, జైలు శిక్ష పడదు.

## కుర్చీ ఛార్జి

ఛార్జి మెమో వచ్చిన ఆఫీసులోనే పక్క గదిలో ఇంకొకరు ఛార్జి తీసుకుంటూ ఉండవచ్చు. ఇది బాధ్యత అనే అర్థం. ఫైళ్లు, తాళాలు, క్యాష్ బుక్ ఒకరి నుంచి ఇంకొకరికి రాసి అప్పగించాక ఆ రోజు నుంచి లెక్క కొత్తవాళ్లది. ఖాళీ పోస్టును పక్క అధికారికి అప్పజెబితే ఎఫ్ఏసీ, అంటే ఫుల్ అడిషనల్ ఛార్జ్. 2022 ఏప్రిల్‌లో చిత్తూరు జిల్లా మూడుగా విడిపోయినప్పుడు ఈ మూడక్షరాలు బాగా వినిపించాయి. ఎఫ్ఏసీ అధికారి సంతకానికి అధికారం ఉంటుంది. పార్టీ నియోజకవర్గ ఇన్‌ఛార్జికి అలాంటిదేమీ లేదు. అది పార్టీ ఇచ్చిన పని, ప్రభుత్వ హోదా కాదు. ఆఫీసులో ఎవరి మాట చెల్లుతుందన్నది వేరే కథ.

## భూమి మీద ఛార్జి

చివరిది తక్కువగా వినిపించినా నష్టం ఎక్కువ చేయగలది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 100వ సెక్షన్ ప్రకారం, ఒకరికి రావాల్సిన డబ్బుకు ఇంకొకరి స్థిరాస్తిని హామీగా నిలిపి, అది తాకట్టు కిందికి రాకపోతే దాన్ని ఛార్జి అంటారు. తాకట్టులో ఆస్తి మీది హక్కులో కొంత అప్పిచ్చినవాడి చేతికి వెళ్తుంది. ఛార్జిలో హక్కు చేతులు మారదు, ఆస్తి మీద బాకీ కూర్చుంటుంది. ఇది కాగితం రాసుకోకుండా కూడా పుట్టగలదు. రిజిస్ట్రేషన్ అయిపోయి పూర్తి డబ్బు అందని అమ్మకందారుకు ఆ మిగిలిన సొమ్ము మేరకు అదే ఆస్తి మీద ఛార్జి ఉంటుంది. కార్పొరేషన్‌కు కట్టని ఇంటి పన్ను కూడా ఆ ఇంటి మీదే ఛార్జి.

బంగారుపాళ్యం దగ్గర మూడెకరాల తోతాపురి మామిడి తోట కొంటున్న మనిషిని ఊహించండి. అమ్మేవాడు మంచివాడే, కానీ తోట మీద పంట రుణం ఉంది, రెవెన్యూ రికార్డుల్లో బ్యాంకు పేర ఛార్జి నమోదై ఉంది. ఛార్జి సంగతి తెలియకుండా, సరైన ధర ఇచ్చి కొన్నవాడి మీద మామూలుగా అది చెల్లదు. అయితే రిజిస్టరైన ఛార్జి అయితే 'నాకు తెలియదు' అనే మాటకు విలువ ఉండదు, చూడగలిగి చూడలేదు కాబట్టి తెలిసినట్టే లెక్క. రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయమనేది ఇందుకే. ఈసీలో కనిపించేవి రిజిస్టరైన లావాదేవీలే, ఇంటి పన్ను బకాయిలాంటివి అందులో ఉండవు.

కంపెనీలకు ఇంకో రకం ఉంది. చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు ఫ్యాక్టరీ బ్యాంకు అప్పు తీసుకుంటే, యంత్రాల మీద పెట్టేది ఫిక్స్‌డ్ ఛార్జి. బ్యాంకు ఒప్పుకోనిదే వాటిని అమ్మకూడదు. గోదాములోని గుజ్జు డ్రమ్ముల మీద అలా పెడితే వ్యాపారమే ఆగిపోతుంది, ఈ నెల ఉన్న సరుకు వచ్చే నెల ఓడెక్కుతుంది. అందుకని వాటి మీద ఫ్లోటింగ్ ఛార్జి పెడతారు. సరుకు వస్తూ పోతూ ఉండవచ్చు. బాకీ కట్టలేని రోజు వచ్చి బ్యాంకు చర్యకు దిగితే, ఆ రోజు గోదాములో ఏది ఉంటే దానిమీద ఛార్జి బిగుసుకుంటుంది. 2013 కంపెనీల చట్టం ప్రకారం ఇలాంటి ఛార్జీలను 30 రోజుల్లో రిజిస్ట్రార్ దగ్గర నమోదు చేయాలి.

అప్పు తీరినంత మాత్రాన రికార్డులోని ఛార్జి దానంతట అదే చెరిగిపోదు. బాకీ తీరిందని బ్యాంకు చెప్పాలి, ఆ నమోదును తీసేయాలి. రైతు ఎప్పుడో కట్టేసిన రుణం పేరు 1బీ అనే రెవెన్యూ రికార్డులో అలాగే ఉండిపోయి, కూతురి పెళ్లికి తోట అమ్మబోయిన రోజు బయటపడటం ఇటువైపు కొత్త కాదు.